పొగమంచులో ప్రయాణం: కారుకు ఫాగ్ దీపాల ఎంపిక, అమరిక

చంద్రపూర్ ఎండను గురించి చెప్పుకొనని తెలుగువారు లేరు. ఈ ఊరి మంచును గురించి మాట్లాడుకునేవారు మాత్రం తక్కువ. మే నెలలో 45 డిగ్రీలు దాటే ఇదే నగరంలో, డిసెంబరు, జనవరి మాసాల తెల్లవారుజామున వార్ధా, ఇరాయి నదుల పరిసరాలలో పొగమంచు రహదారిని కమ్మివేస్తుంది. గనులలో, విద్యుత్కేంద్రంలో, సిమెంటు కర్మాగారాలలో ఉదయపు షిఫ్టుకు వెళ్ళేవారు రోడ్డు మీదకు వచ్చే వేళ అదే. సంక్రాంతికి మంచిర్యాల, కరీంనగర్, ఆదిలాబాద్ వైపు కుటుంబంతో బయలుదేరే మనవారు కారు తాళం తీసే వేళ కూడా అదే. అందుచేత పొగమంచు దీపాలను, అనగా ఫాగ్ లైట్లను, కారుకు అలంకారంగా కాక ప్రాణరక్షణ సాధనంగా అర్థం చేసుకోవడం ఈ పాఠం ఉద్దేశం.

1. ఇక్కడి మంచు స్వభావం

ఆకాశం నిర్మలంగా ఉండి గాలి కదలని రాత్రులలో నేల త్వరగా చల్లబడుతుంది. నేలను ఆనుకొని ఉన్న గాలి కూడా చల్లబడగా, అందులోని నీటి ఆవిరి సన్నని బిందువులుగా మారి గాలిలో తేలుతుంది. దీనినే పొగమంచు అంటాము. దృష్టి ఒక కిలోమీటరు లోపలికి తగ్గినప్పుడు వాతావరణ శాస్త్రజ్ఞులు ఆ స్థితిని పొగమంచుగా పరిగణిస్తారు. వాహనచోదకునికి నిజమైన కష్టం దృష్టి వంద మీటర్లకు తగ్గినప్పుడు మొదలవుతుంది.

నీటి ఆవిరి బిందువుగా మారడానికి ఒక సూక్ష్మమైన ఆధారం కావాలి. ధూళి కణం, పొగ కణం అందుకు పనికివస్తాయి. చంద్రపూర్‌లో అవి కొరత లేకుండా దొరుకుతాయి. 2,920 మెగావాట్ల సామర్థ్యం గల మహా ఉష్ణ విద్యుత్కేంద్రం, వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ గనులు, ఘుగ్గుస్, గడ్‌చాందూర్ ప్రాంతాల సిమెంటు కర్మాగారాలు, రేయింబవళ్ళు తిరిగే బొగ్గు లారీలు ఈ ప్రాంతపు జీవనాధారం. వాటి దుమ్ము కూడా మన గాలిలో భాగమే. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో ప్రకటించిన తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో చంద్రపూర్ పేరు ఉన్నది. చలికాలంలో పైన వెచ్చని గాలి, కింద చల్లని గాలి నిలిచిపోవడం వల్ల పొగ, ధూళి పైకి లేవవు. కాబట్టి ఇక్కడ మనకు ఎదురయ్యేది మంచు, ధూళి కలిసిన తెర. దీపాల అద్దాల మీద నల్లని పొరగా పేరుకొనేది కూడా ఈ మిశ్రమమే.

2. హెడ్‌లైటు వేస్తే ఎందుకు కనబడదు?

చీకటి ఎక్కువైతే వెలుతురు పెంచాలని మనకు తోస్తుంది. మంచులో ఈ ఆలోచన తలక్రిందులవుతుంది. హై బీమ్ వేసినప్పుడు కాంతి కిరణాలు చోదకుని కంటి ముందున్న లక్షలాది నీటి బిందువులకు తగిలి వెనుకకు మళ్ళుతాయి. చోదకునికి రోడ్డు బదులు తెల్లని గోడ కనిపిస్తుంది. దీపం ఎంత బలమైనదైతే ఆ గోడ అంత తెల్లగా ఉంటుంది.

ఫాగ్ దీపం ఈ చిక్కును మూడు విధాలుగా తగ్గిస్తుంది. మొదటిది, అది బంపరు కింది భాగంలో ఉంటుంది. కంటి చూపు సాగే దారికి, కాంతి సాగే దారికి మధ్య దూరం ఏర్పడినందున వెనుకకు మళ్ళిన కాంతి కంటిలో తక్కువగా పడుతుంది. రెండవది, దాని కాంతికి పైన కత్తిరించినట్టు ఒక అంచు ఉంటుంది. ఆ అంచుకు పైన వెలుతురు దాదాపు ఉండదు. మూడవది, ఆ కాంతి పొడవుగా కాక అడ్డంగా విస్తరిస్తుంది. రోడ్డు అంచు, తెల్ల గీత, పక్కన నడిచే మనిషి కాళ్ళు, సైకిలు చక్రం దానిలో కనిపిస్తాయి.

ఫాగ్ దీపం దూరాన్ని చూపదు. దగ్గరను స్పష్టంగా చూపుతుంది. ఎక్కువ దూరం చూపుతుందని ఎవరైనా అమ్మజూపితే, వారు అమ్ముతున్నది ఫాగ్ దీపం కాదు.

3. పసుపా, తెలుపా?

పసుపు కాంతి మంచును చీల్చుకొని పోతుందన్నది గట్టిగా నాటుకొన్న నమ్మకం. ఆకాశపు నీలిరంగుకు కారణమైన కాంతి పరిక్షేపణ సూత్రాన్ని మంచుకు కూడా అన్వయించడం వల్ల ఇది పుట్టింది. గాలిలోని అణువులు కాంతి తరంగం కన్నా ఎంతో చిన్నవి గనుక అవి నీలి కాంతిని ఎక్కువగా చెదరగొడతాయి. మంచు బిందువులు కాంతి తరంగం కన్నా ఎన్నో రెట్లు పెద్దవి. అవి అన్ని రంగులనూ దాదాపు సమానంగా చెదరగొడతాయి. కాబట్టి చొచ్చుకొనిపోవడంలో పసుపుకు చెప్పుకోదగిన ఆధిక్యం లేదు.

అయితే పసుపు దీపంలో నీలి భాగం తక్కువగా ఉండడం వల్ల కంటికి కొంత హాయిగా ఉంటుందని చాలామంది చోదకులు భావిస్తారు. ఫ్రాన్స్ దేశంలో 1930ల చివరి నుండి 1993 వరకు కార్ల ముందు దీపాలన్నీ పసుపుగా ఉండవలెనన్న నిబంధన ఉండేది. తరువాత ఐరోపా దేశాలతో పాటు అక్కడా తెలుపు వచ్చింది. అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం ముందు ఫాగ్ దీపం తెలుపుగానైనా, నిర్ణీత పసుపుగానైనా ఉండవచ్చు. రెండూ ఒకే రంగులో ఉంటే చాలు. నీలి ఛాయ గల మిరుమిట్ల దీపాలను మాత్రం విడిచిపెట్టవలెను. అవి మంచులోనూ, వానలోనూ కంటిని త్వరగా అలసటకు గురిచేస్తాయి.

4. దుకాణంలో ఏమి చూడాలి?

తక్కువ ధర రకంగా కొన్న కార్లలో కూడా బంపరులో ఫాగ్ దీపానికి చోటు, కొన్నింటిలో లోపలి వైరింగ్ సైతం సిద్ధంగా ఉంటాయి. ముందుగా మీ కారు కంపెనీ సర్వీసు కేంద్రంలో అడగండి. ఆ మోడల్‌కు కంపెనీ ఇచ్చే ఫాగ్ దీపాల కిట్ దొరికితే అదే అన్నిటికన్నా మేలు. వైర్లు కోయవలసిన పని ఉండదు, వారంటీ తగాదా రాదు, చట్టపరమైన చిక్కు తక్కువ.

బయటి దుకాణంలో కొనేటప్పుడు దీపపు అద్దం మీద అచ్చువేసిన గుర్తులను చదవండి. వృత్తంలో ‘ఈ’ అనే ఇంగ్లీషు అక్షరం, పక్కన ఒక అంకె ఉంటే అది ఐక్యరాజ్య సమితి వాహన నిబంధనల ప్రకారం పరీక్షింపబడిన దీపమని అర్థం. ఆ అంకె ఆమోదించిన దేశాన్ని సూచిస్తుంది. దాని దగ్గర ‘బీ’ అక్షరం గాని, ‘ఎఫ్3’ అని గాని ఉంటే అది ముందు ఫాగ్ దీపం. ఈ గుర్తులేవీ లేక పెట్టె మీద లక్షల ల్యూమెన్ల గొప్పలు మాత్రమే ఉంటే ఆ సరుకును తిరిగి ఇచ్చివేయండి.

హాలోజెన్ దీపపు గుండులో ఎల్‌ఈడీ బల్బును దూర్చడం ఇప్పుడు విరివిగా జరుగుతున్నది. ఇది మంచిది కాదు. హాలోజెన్ గుండులోని అద్దపు వంపు సన్నని తీగ ఉండే ఒక్క బిందువును లెక్కలోకి తీసుకొని రూపొందుతుంది. ఎల్‌ఈడీ ముక్కలు ఆ బిందువులో సరిగ్గా అమరవు. ఫలితంగా పై అంచు చెదిరి, కాంతి ఎదుటివారి కళ్ళలో పడుతుంది. ఎల్‌ఈడీ కావాలనుకుంటే ఎల్‌ఈడీ కోసమే తయారైన పూర్తి దీపాన్ని కొనవలెను.

ఇక స్పాట్ లైట్లు, పొడవాటి బార్ లైట్లు వేరే జాతివి. వాటి కాంతి సన్నగా, దూరంగా పోతుంది. మంచులో అవి హై బీమ్ కన్నా ఎక్కువ చేటు చేస్తాయి.

5. చట్టం ఏమంటుంది?

1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలో 106వది కాంతిని కిందికి వంచవలెనని చెబుతుంది. దీపానికి 8 మీటర్ల ముందు, కుడివైపు అర మీటరు పక్కగా, నేల నుండి 1.5 మీటర్ల ఎత్తులో ఉన్న మనిషి కన్నుకు మిరుమిట్లు కలగరాదు. ఆ ఎత్తు ఎదురుగా వచ్చే సైకిలు మీది మనిషి కంటికి ఇంచుమించు సరిపోతుంది. అంటే ఆ నిబంధన వెనుక ఉన్నది గని నుండి ఇంటికి తిరిగి వచ్చే కార్మికుడు. 111వ నిబంధన ప్రకారం స్పాట్ లైటు, సెర్చ్ లైటు వాహనం ముందు పెట్టకూడదు. ప్రత్యేక పరిస్థితులలో రిజిస్ట్రేషన్ అధికారి ముందస్తు ఆమోదం ఉంటేనే అనుమతి.

1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ నిర్దేశానికి విరుద్ధంగా వాహనాన్ని మార్చడాన్ని నిషేధిస్తుంది. 2019 సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ ప్రకారం అనుమతి లేని మార్పుకు యజమానికి ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని పడవచ్చు. అందుచేత కంపెనీ కేటాయించిన చోట, ప్రమాణాలకు లోబడిన దీపాన్ని అమర్చుకోవడమే క్షేమం. ఎం.హెచ్. 34 సంఖ్య గల బండికైనా, తెలంగాణ సంఖ్య గల బండికైనా ఈ కేంద్ర నిబంధనలు ఒక్కటే.

6. అమర్చే తీరు

దీపాలు జతగా ఉండాలి. రెండూ ఒకే ఎత్తులో, కారు మధ్యభాగానికి రెండు వైపులా సమదూరంలో ఉండాలి. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం కారుకు ఫాగ్ దీపపు కింది అంచు నేలకు 25 సెంటీమీటర్ల కన్నా కిందికి, పై అంచు 80 సెంటీమీటర్ల కన్నా పైకి ఉండరాదు. హెడ్‌లైటు లో బీమ్ కన్నా అది ఎత్తుగా ఉండకూడదు. కారు బయటి అంచు నుండి 40 సెంటీమీటర్ల లోపలే ఉండాలి. పైకప్పు మీద పెట్టిన దీపం ఎంత ఖరీదైనదైనా ఫాగ్ దీపం కాజాలదు.

విద్యుత్తు విషయంలో చిన్న లెక్క అవసరం. 55 వాట్ల హాలోజెన్ బల్బులు రెండు కలిపి 110 వాట్లు. 12 వోల్టుల బ్యాటరీ మీద ఇవి సుమారు 9 ఆంపియర్ల విద్యుత్తును తీసుకుంటాయి. ఇంత విద్యుత్తు డ్యాష్‌బోర్డు మీది చిన్న స్విచ్ గుండా పోరాదు. స్విచ్ వేడెక్కి కరిగే ప్రమాదం ఉన్నది. అందుకే రిలే వాడతారు. స్విచ్ రిలేను మాత్రమే కదిలిస్తుంది, అసలు విద్యుత్తు రిలే మోస్తుంది.

రిలే కాళ్ళ మీద అంకెలు ఉంటాయి. 30వ కాలుకు బ్యాటరీ పాజిటివ్ నుండి 15 ఆంపియర్ల ఫ్యూజు ద్వారా వైరు రావాలి. 87వ కాలు నుండి దీపాలకు వైరు పోవాలి. 85, 86 కాళ్ళలో ఒకటి స్విచ్‌కు, మరొకటి బాడీకి అంటే నెగటివ్‌కు కలుస్తాయి. ఫ్యూజును బ్యాటరీకి వీలైనంత దగ్గరగా పెట్టించండి. దూరంగా పెడితే, బ్యాటరీకీ ఫ్యూజుకూ మధ్య వైరు ఒరిసిపోయినప్పుడు మంటను ఆపేది ఏదీ ఉండదు. స్విచ్‌కు విద్యుత్తు పార్కింగ్ దీపాల సర్క్యూటు నుండి తీసుకోవాలి. అప్పుడు మిగిలిన దీపాలు ఆపివేస్తే ఫాగ్ దీపాలు కూడా ఆగుతాయి. బ్యాటరీ ఖాళీ కాదు.

వైర్లను ముడతల గొట్టంలో వేసి, రేడియేటరుకు, ఫ్యాన్‌కు దూరంగా కట్టించండి. చంద్రపూర్ వేసవి వేడికి నాసిరకం తొడుగు పగులుతుంది. కొత్త కార్లలో దీపాల విద్యుత్తును కంప్యూటరు గమనిస్తుంది గనుక ఉన్న వైరును కోసి అతికించడానికి ఒప్పుకోవద్దు. ఈ పనిని నేర్పరియైన ఆటో ఎలక్ట్రీషియన్‌కే అప్పగించవలెను. ఏమి చేయించాలో మీకు తెలిసి ఉంటే ఆయన పనిని పరిశీలించగలరు.

7. కాంతిని సరిచేయడం

దీపం అమర్చడంతో పని పూర్తి కాదు. సరిచేయని ఫాగ్ దీపం హై బీమ్‌తో సమానం. ఇంటి దగ్గరనే ఈ విధంగా పరీక్షించవచ్చు.

చదునైన నేల మీద, గోడకు ఎదురుగా, దీపానికి గోడకు మధ్య 5 మీటర్ల దూరం ఉండేలా కారు నిలపండి. టైర్లలో గాలి సరిగా ఉండాలి, చోదకుని సీట్లో ఒకరు కూర్చోవాలి. నేల నుండి దీపం మధ్యబిందువు ఎంత ఎత్తున ఉన్నదో కొలిచి, గోడ మీద అదే ఎత్తున సుద్దతో గీత గీయండి. దానికి 10 సెంటీమీటర్ల కింద రెండవ గీత గీయండి. చీకటి పడిన తరువాత దీపాలు వేసి, సవరణ మరను తిప్పుతూ కాంతి పై అంచు రెండవ గీత మీదకు వచ్చేలా చేయండి. రెండు దీపాల అంచులూ ఒకే వరుసలో ఉండాలి. ఒక దీపాన్ని గుడ్డతో కప్పి రెండవదాన్ని చూస్తే పని తేలిక.

ఈ 10 సెంటీమీటర్లకు అర్థం ఉన్నది. 5 మీటర్లకు 10 సెంటీమీటర్లు దిగే కాంతి, 40 సెంటీమీటర్ల ఎత్తున ఉన్న దీపం నుండి బయలుదేరితే, 20 మీటర్ల దూరంలో నేలను తాకుతుంది. ఆపైన ఎవరి కంటికీ తగలదు.

పండుగకు డిక్కీ నిండా సామాను, వెనుక సీట్లో ముగ్గురు కూర్చుంటే కారు వెనుక భాగం దిగి ముందు భాగం లేస్తుంది. కాంతి కూడా లేస్తుంది. బయలుదేరే ముందు రాత్రి బరువుతోనే ఒకసారి గోడ పరీక్ష చేయండి.

8. దీపం కన్నా ముఖ్యమైనది వేగం

మంచి దీపం అమర్చుకొన్నవారు ధైర్యం పెరిగి వేగం పెంచడం అన్నిటికన్నా పెద్ద ప్రమాదం. తడి రోడ్డు మీద, అడ్డు కనబడినప్పటి నుండి బ్రేకు తొక్కడానికి 2 సెకన్లు పడుతుందని లెక్కిస్తే, కారు పూర్తిగా ఆగడానికి గంటకు 25 కిలోమీటర్ల వేగంలో సుమారు 19 మీటర్లు, 40లో 35 మీటర్లు, 60లో 61 మీటర్లు, 80లో 94 మీటర్లు కావాలి. కంటికి 20 మీటర్లే కనిపిస్తుంటే 25 దాటడానికి వీల్లేదు. దీపాలు ఆర్పి రోడ్డు పక్కన నిలిచిన బొగ్గు లారీ వెనుక భాగం మన బ్రేకు దూరాన్ని పట్టించుకోదు.

వెనుక ఎర్రని ఫాగ్ దీపం ఉన్న కార్లలో దానిని దట్టమైన మంచులోనే వాడాలి. అది బ్రేకు దీపమంత బలమైనది. మంచు లేనప్పుడు అది వెలుగుతుంటే మీరు బ్రేకు వేసినట్టు వెనుకవారికి తెలియదు. జర్మనీ దేశంలో దృష్టి 50 మీటర్ల లోపలికి తగ్గినప్పుడే దానిని వాడవలెనని చట్టం. మనకూ అది మంచి కొలత. ముందు ఫాగ్ దీపాలను కూడా మంచు వీడగానే ఆపివేయండి.

నడుస్తున్న కారులో నాలుగు ఇండికేటర్లూ మెరిపించడం చాలామందికి అలవాటు. దానివల్ల మీరు ఏ వైపు తిరుగుతున్నారో తెలియకుండా పోతుంది. వాటిని బండి ఆగినప్పుడే వాడండి. ఆగవలసివస్తే రోడ్డు దిగి పూర్తిగా పక్కకు ఆపండి. ప్రయాణికులను బండికి, రోడ్డుకు దూరంగా నిలబెట్టండి.

చంద్రపూర్ నుండి మూల్ వైపు, మొహర్లీ వైపు పోయే దారులు అడవి గుండా సాగుతాయి. బలమైన కాంతి పడితే దుప్పి, సాంబరు వంటి జంతువులు పారిపోక నిశ్చేష్టమై నిలిచిపోతాయి. అక్కడ లో బీమ్, తక్కువ వేగం, హారన్ లేని ఓర్పు మేలు చేస్తాయి. ఒక జంతువు దాటితే దాని వెనుక మరొకటి ఉండవచ్చునని ఆగి చూడండి.

9. నిర్వహణ, కొన్ని మరాఠీ మాటలు

వారానికి ఒకసారి ఫాగ్ దీపాల అద్దాలను ముందు నీటితో తడిపి, తరువాత మెత్తని గుడ్డతో తుడవండి. పొడిగా తుడిస్తే బొగ్గు రేణువులు అద్దాన్ని గీకుతాయి. లారీల నుండి ఎగిరే కంకరకు అద్దం పగిలితే వెంటనే మార్పించండి. లోపలికి నీరు చేరితే కాంతి అంచు చెదిరిపోతుంది.

గ్యారేజీలో మాట సాగడానికి ఈ మాటలు ఉపకరిస్తాయి. పొగమంచును మరాఠీలో ‘ధుకే’ అంటారు. ‘ధుక్యాచే దివే’ అంటే ఫాగ్ దీపాలు. ‘దివ్యాంచా ప్రకాశ్ ఖాలీ కరా’ అంటే దీపాల వెలుతురు కిందికి దించండి అని. మెకానిక్కులకు ఫాగ్ లైటు, రిలే, ఫ్యూజు అన్న మాటలు ఎటూ తెలిసినవే. ప్రమాదం జరిగితే అత్యవసర సహాయానికి 112, అంబులెన్సుకు 108, జాతీయ రహదారి సహాయానికి 1033 పిలవండి.

కారు లేనివారికి కూడా ఈ పాఠం వర్తిస్తుంది. సైకిలు వెనుక ఎర్రని రిఫ్లెక్టరు, లేత రంగు దుస్తులు, నడిచేవారు ఎదురుగా వచ్చే వాహనాలు కనిపించే వైపు నడవడం, ఇవి తక్కువ ఖర్చుతో అయ్యే రక్షణలు. మంచులో దీపానికి రెండు ధర్మాలు ఉన్నాయి. మనకు దారి చూపడం ఒకటి, ఎదుటివారికి మనలను చూపడం మరొకటి. ఎదుటివారి కంటిని కప్పివేసే దీపం ఈ రెండు ధర్మాలనూ తప్పుతుంది. ఈ చలికాలం రాకముందే ఒక సాయంత్రం సుద్దముక్క, కొలతటేపు తీసుకొని మీ కారును గోడ ముందు నిలపండి.